నౌకాధిపతి రామదాస్ కటారి

వేటపాలెం నుండి తూర్పుగా కొంతదూరం పోయినవారికి రామాపురం ఇసుకతిన్నెలు, వాటి ఆవల బంగాళాఖాతం కనిపిస్తాయి. దక్షిణంగా తీరం వెంట పోతే మోటుపల్లి వస్తుంది. నేడది చిన్న పల్లె. కాకతీయుల కాలంలో దూరదేశపు ఓడలు లంగరు వేసిన గొప్ప రేవు. 1244 ప్రాంతంలో గణపతిదేవ చక్రవర్తి అక్కడ ఒక అభయశాసనం వేయించినాడు. గాలివానకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సొత్తును పూర్వపు రాజులు అపహరించేవారు. ఆ ఆచారాన్ని గణపతిదేవుడు మాన్పించి, న్యాయమైన సుంకం తప్ప మరేమీ పుచ్చుకొనబోమని సముద్ర వర్తకులకు మాట ఇచ్చినాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవానికి ఒడ్డున రక్షణ చూపడం రాజధర్మమని ఆ శాసనం చాటుతున్నది.

ఆ తరువాత శతాబ్దాలు గడచినవి. సముద్రంపై పెత్తనం పరాయివారి చేతికి పోయినది. తెలుగుతీరపు బెస్తవారికి కడలి కొత్త కాదు. గాలి వాలు, నీటి పోటు, చుక్కల నడక వారికి తాతల నాటి విద్యలు. ఐనను పెద్ద ఓడలలో దేశీయునికి దొరికిన స్థానం కళాసీగానో, సరంగుగానో మాత్రమే. త్రాళ్ళు లాగేవాడు, బొగ్గు ఎగవేసేవాడు భారతీయుడు. పైన బ్రిడ్జి మీద నిలిచి ఓడను నడిపేవాడు ఆంగ్లేయుడు. యుద్ధనౌక సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ బ్రిడ్జి మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కి, భారత నౌకాదళానికి మొట్టమొదటి భారతీయ ప్రధానాధిపతి ఐన తెలుగువాడు రామదాస్ కటారి.

ఆయన 1911 అక్టోబరు 8వ తేదీన చెంగల్పట్టులో ఒక తెలుగు కుటుంబంలో జన్మించినారు. ఆయన బాల్యంలో భారతీయ బాలుడు ఓడ అధికారి కావడానికి మన దేశంలో మార్గమే లేదు. ఆ విద్య నేర్పే శిక్షణాలయం ఒక్కటి కూడ ఇక్కడ లేకపోవడం దానికి మొదటి కారణం. దేశనాయకులు శాసనసభలో పదేపదే కోరగా, ప్రభుత్వం నియమించిన సంఘం ఒకటి విచారణ జరిపి, శిక్షణ నౌక ఒకదానిని ఏర్పరచవలసినదిగా సిఫారసు చేసినది. దాని ఫలితంగా 1927 డిసెంబరులో బొంబాయి రేవులో ‘డఫ్రిన్’ అనే నౌక పాఠశాలగా మారినది. అంతకు పూర్వం అది సైనికులను సముద్రాంతరాలకు చేరవేసిన పాత ఓడ. అందులో చేరిన తొలి జట్టు బాలురలో రామదాస్ కటారి ఒకరు. అప్పటికి ఆయన వయస్సు 16 సంవత్సరాలు.

ఆ బాలుర మీద మోపబడిన భారం మామూలు విద్యార్థుల భారం వంటిది కాదు. భారతీయులకు సముద్రోద్యోగాలు సరిపడవని, వారు ఓడపై అధికారం వహించలేరని వాదించేవారు అప్పుడు చాలమంది ఉండినారు. తొలి జట్టు ఓడిపోతే ఆ వాదమే గెలిచేది. వెనుక వచ్చేవారికి తలుపులు మూసుకొనిపోయేవి. కటారి ఆ జట్టులో అగ్రగణ్యులుగా నిలిచి రాజప్రతినిధి బంగారు పతకాన్ని గెలుచుకొన్నారు.

చదువు ముగిసిన తరువాత ఆయన కలకత్తా రేవు అధికారుల క్రింద హుగ్లీ నదిని సర్వే చేసే శాఖలో చేరినారు. పైకి చూడడానికి అది ఆకర్షణీయమైన ఉద్యోగం కాదు. కాని ఓడ నడిపేవానికి అంతకు మించిన బడి లేదు. హుగ్లీ గర్భంలో ఇసుకదిబ్బలు నిలకడగా ఉండవు. నిన్న లోతుగా ఉన్నచోట నేడు దిబ్బ పెరుగుతుంది. నేటి దిబ్బ ఎల్లుండికి కరగిపోతుంది. ఆ నదిలో ‘జేమ్స్ అండ్ మేరీ’ అని పేరుపడిన ఇసుకమేట ఎన్నో ఓడలను పొట్టన పెట్టుకొన్నది. అందువలన పడవలపై తిరుగుతూ, నీటి లోతును మరల మరల కొలిచి, పటాలను ఎప్పటికప్పుడు సరిదిద్దుతూ ఉండవలసినదే. కంటికి కనిపించే నీటిని నమ్మరాదు, కొలిచిన లోతునే నమ్మవలెను అన్నది ఆ వృత్తి నేర్పే మొదటి పాఠం.

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చినది. కటారి నౌకాదళపు రిజర్వు విభాగంలో అధికారిగా యుద్ధసేవలో ప్రవేశించినారు. అప్పటికి రాయల్ ఇండియన్ నేవీ బహుచిన్నది. అధికారులు, నావికులు అందరు కలిసి రెండువేలమంది కూడ లేరు. యుద్ధం ముగిసేనాటికి ఆ సంఖ్య ముప్పైవేలకు చేరువైనది. ఇంత వేగంగా పెరిగిన దళంలో సముద్రం ఎరిగిన భారతీయ అధికారుల విలువ సహజంగానే హెచ్చినది. నిన్నటివరకు వారిని శంకించినవారే నేడు వారిపై ఆధారపడవలసి వచ్చినది.

ఆ యుద్ధం మన తీరాన్ని కూడ తాకినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నంపై, కాకినాడపై బాంబులు వేసినవి. అవి బంగాళాఖాతంలో నిలిచిన విమానవాహక నౌక నుండి వచ్చినవి. 1944 ఫిబ్రవరిలో కొలంబో నుండి కలకత్తాకు పోతున్న ఓడల బారుపై విశాఖ సమీపాన ఒక జపాను జలాంతర్గామి దాడి చేసినది. ‘యమున’ నది పేరు గల భారతీయ యుద్ధనౌక రెండు ఆస్ట్రేలియా నౌకలతో కలిసి దానిని వెదకి ముంచివేసినది. అదే సంవత్సరం ఆగస్టులో మన ‘గోదావరి’ సీషెల్స్ దీవుల ప్రాంతంలో ఒక జర్మన్ జలాంతర్గామిని పరిమార్చడంలో పాలుపంచుకొన్నది. ఈ విజయాలు పత్రికలలో నాలుగు పంక్తుల వార్తలుగా వచ్చి ఉండవచ్చును. ఆ నాలుగు పంక్తుల వెనుక గల నెలల తరబడి జీవితం ఎట్టిదో తెలిస్తేనే కటారి తరం నావికుల యోగ్యత తెలుస్తుంది.

యుద్ధనౌకలో దినం సూర్యునిబట్టి నడవదు, వంతులనుబట్టి నడుస్తుంది. ఇరవైనాలుగు గంటలను నాలుగేసి గంటల కాపలా వంతులుగా విభజిస్తారు. ఆ లెక్కన ఆరు వంతులు రావలెను. కాని సాయంకాలం 4 గంటల నుండి 8 గంటల వరకు గల వంతును రెండు చిన్న వంతులుగా చీల్చుతారు. అప్పుడు మొత్తం ఏడు అవుతుంది. ఏడు బేసి సంఖ్య కావడంవల్ల నావికుల జట్ల వంతులు ప్రతిదినం ఒక మెట్టు మారుతూ ఉంటాయి. నడిరేయి 12 నుండి 4 వరకు గల కఠినమైన కాపలా ఎల్లకాలం ఒకే జట్టు నెత్తిన పడదు. కష్టాన్ని తప్పించే ఉపాయం సముద్రంలో లేదు. కష్టాన్ని సమంగా పంచే ఉపాయం మాత్రం ఉన్నది. గణితం బోధించే ఉపాధ్యాయులకు ఇంతకంటె అందమైన ఉదాహరణ దొరకడం కష్టం.

కాపలా దిగినవాడు వెంటనే నిద్రపోతాడని అనుకొనరాదు. భోజనం చేసే గదే పడకగది. పగలు చుట్టి కట్టిన గుడ్డ ఉయ్యాలలను రాత్రి పైకప్పు కొక్కేలకు వ్రేలాడదీసి, పక్కపక్కనే పడుకొంటారు. ఒక్కొక్కనికి దొరికే వెడల్పు జానెడున్నరకో రెండు జానలకో మించదు. ఓడ ఒరిగినప్పుడు ఉయ్యాలలన్నీ ఒక్కసారిగా ఒకే వైపుకు ఊగుతాయి. శత్రువు కంట పడకుండ రాత్రివేళ కిటికీలన్నీ బిగించి మూయవలెను. వెలుతురు రేఖ ఒక్కటైనా బయటికి పోరాదు. పగలంతా ఎండకు కాగిన ఉక్కుగోడలు రాత్రి వేడిని క్రక్కుతాయి. ఉష్ణదేశపు సముద్రాలలో ఆ గదులు ఆవం వలె ఉడికిపోతాయి. పై కప్పుమీదికి పోయి చుట్ట వెలిగించడానికి కూడ వీలు లేదు. ఆ చిన్న నిప్పుకణిక చీకటి సముద్రంలో చాల దూరం కనిపిస్తుంది.

చుట్టూ నీరే, కాని త్రాగడానికి నీరు కరువు. ఉప్పునీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి మంచినీరు చేసుకోవలెను. ఆ మంచినీటిలో మొదటి భాగం ఓడను నడిపే బాయిలర్లకు పోతుంది, తరువాతనే మనుష్యులకు. స్నానానికి తరచుగా సముద్రజలమే గతి. రేవు విడిచిన కొద్దిదినాలకు కూరగాయలు అయిపోతాయి. అటుపై బియ్యం, పప్పు, ఉల్లిపాయలు, డబ్బాలలో నిలవచేసిన పదార్థాలతో కాలం గడపవలెను. వంటగది చెత్తను పట్టపగలు నీటిలో పారవేయరాదు. తేలిపోయే తొక్కలను చూచి జలాంతర్గామి ఓడ పోయిన దారి కనిపెట్టగలదు. ఇంటి ఉత్తరాలు ఏ రేవులోనో వారాల తరువాత గుట్టగా దొరుకుతాయి. తాను వ్రాసే ఉత్తరంలో ఎక్కడ ఉన్నదీ, ఎక్కడికి పోతున్నదీ వ్రాయడానికి అనుమతి లేదు. తమ బిడ్డ ఏ సముద్రంలో ఉన్నాడో తల్లిదండ్రులకు తెలియదు. ఇంటి వద్ద ఎవరు మరణించినారో, ఎవరు పుట్టినారో వానికి తెలియదు.

ఈ జీవితంలో యుద్ధం ఎన్నడో గాని రాదు. నిరీక్షణ మాత్రం నిత్యం ఉంటుంది. సరకుల ఓడల బారును కావలికాస్తూ పోయే యుద్ధనౌక, ఆ బారులోని అతిమందగమన ఓడ ఎంత వేగంగా పోగలదో అంత వేగంతోనే పోవలెను. శత్రువు గురి తప్పించడానికి కొంతసేపు ఎడమకు, కొంతసేపు కుడికి వంకరటింకరగా నడవవలెను. నీటి లోపలికి ధ్వనిని పంపి, దాని ప్రతిధ్వనినిబట్టి జలాంతర్గామి జాడ తీసే యంత్రం వద్ద ఒక నావికుడు చెవులు రిక్కించి కూర్చుంటాడు. గంటలు గడుస్తాయి, దినాలు గడుస్తాయి, వారాలు గడుస్తాయి. వినిపించేది చేపల గుంపు కావచ్చు, శత్రువు కావచ్చు. నూరుసార్లు అది చేపల గుంపే ఐనా, నూటొకటవసారి వాడు కునుకు తీయరాదు. వానిని ఆ నూటొకటవసారికి మెలకువగా ఉంచగలగడమే నౌకాధికారి విద్యలో సారం.

అధికారికి దానికంటె ఘోరమైన పరీక్షలు కూడ ఉన్నవి. ఒక సరకుల ఓడ దెబ్బతిని మునుగుతున్నప్పుడు, నీటిలో ఈదుతున్నవారిని ఎత్తుకోవడానికి కావలినౌక ఆగవచ్చునా? ఆగితే తానే గురి అవుతుంది; మిగిలిన ఓడలకు రక్షణ పోతుంది. ఆగకపోతే కళ్ళ ఎదుటనే మనుష్యులు మరణిస్తారు. ఇట్టి ప్రశ్నకు గ్రంథాలలో జవాబు దొరకదు. బ్రిడ్జి మీద ఉన్నవాడు క్షణంలో తేల్చుకోవలెను. తేల్చుకొన్నదానిని జీవితాంతం మోయవలెను. కటారి ఈ యుద్ధకాలపు సముద్రంలో ఆరు సంవత్సరాలు పరిణతి పొందినారు. ఆయన తరువాతి జీవితానికి పునాది పడినది ఇక్కడనే.

యుద్ధం ముగిసినది, కాని నావికుల మనస్సులలో శాంతి లేదు. ఒకే ఓడలో ఒకే అపాయాన్ని ఎదుర్కొన్న ఆంగ్ల నావికునికి, భారతీయ నావికునికి జీతంలో, తిండిలో, మర్యాదలో గల భేదం వారిని దహించినది. 1946 ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలోని ‘తల్వార్’ అనే శిక్షణ కేంద్రంలో నావికులు తమకు పెట్టిన చెడు తిండిని నిరాకరించినారు. అధికారులు వారిని జాతిపేరిట అవమానించడం ఆ నిప్పుకు గాలి ఐనది. రెండుమూడు దినాలలోనే ఆ సమ్మె బొంబాయి నుండి కరాచీ, మద్రాసు, విశాఖపట్నం, కలకత్తా కేంద్రాలకు ప్రాకినది. సుమారు 78 ఓడలు, 20 తీరకేంద్రాలు, 20,000 మంది నావికులు అందులో చేరినారు. సర్దార్ పటేల్ మున్నగువారి సలహాపై ఫిబ్రవరి 23న వారు లొంగిపోయినారు. అనేకులు ఉద్యోగాలు కోల్పోయినారు.

ఈ ఘట్టం భారతీయ అధికారులకు పెద్ద పాఠం. ఒకవైపు దళపు క్రమశిక్షణ, మరొకవైపు తమవారి న్యాయమైన వేదన. ఆ రెంటి నడుమ వారు నిలువవలసి వచ్చినది. ఓడలో క్రమశిక్షణ లేకపోతే అందరు మునుగుతారన్నది నిజం. కాని కంచంలోని అన్నాన్ని, మనిషిలోని అభిమానాన్ని పట్టించుకొనని క్రమశిక్షణ నిలువదన్నది కూడ అంతే నిజం. స్వతంత్ర భారతదేశం నిర్మించుకోవలసిన నౌకాదళం ఈ రెండు నిజాలను ఒక్కచోట ఇముడ్చుకోవలసి ఉండినది. ఆ బాధ్యత కటారి వంటి పిడికెడుమంది అధికారులపై పడినది.

1947లో దేశంతోపాటు నౌకాదళం కూడ విభజింపబడినది. ఒకే గదిలో ఉయ్యాలలు కట్టుకొని నిద్రించినవారు రెండు దేశాలవారైనారు. నదుల పేర్లు గల ఓడలలో ‘కృష్ణ’ భారతదేశానికి మిగిలినది. ‘గోదావరి’ పాకిస్తాను వాటాకు పోయినది. ఆ ఓడపై తెలుగునది పేరు చెరిగి ‘సింధ్’ అనే పేరు వ్రాయబడినది.

మిగిలిన చిన్న దళాన్ని పెంచడానికి ప్రభుత్వం బ్రిటన్ నుండి నౌకలను కొన్నది. 1948లో ‘ఢిల్లీ’ అనే క్రూయిజరు వచ్చినది. 1949లో మూడు డిస్ట్రాయర్లు వచ్చినవి. వాటికి ‘రాజ్‌పుత్’, ‘రాణా’, ‘రంజిత్’ అని పేర్లు పెట్టినారు. వానిలో ‘రాజ్‌పుత్’ నాయకత్వం కటారికి లభించినది. అది 358 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు గల నౌక. గంటకు 36 నాట్లు, అనగా దాదాపు 41 మైళ్ళ వేగంతో పోయేటట్లు నిర్మింపబడినది. డిస్ట్రాయరు పొడవుగా, సన్నగా ఉంటుంది గనుక పెద్ద అలలలో విపరీతంగా ఊగుతుంది. వంటవాడు పొయ్యి మీది గిన్నెను కట్టివేసి వండవలెను. తినేవాడు ఒక చేతితో బల్లను, ఒక చేతితో కంచాన్ని పట్టుకోవలెను. అలలు మరీ పెరిగితే పొయ్యి వెలిగించడమే సాధ్యం కాదు.

ఆ ఓడలో అందరికంటె ఒంటరివాడు కెప్టెను. నౌకాదళపు ఆచారం ప్రకారం ఆయన తన గదిలో ఒంటరిగా భోజనం చేస్తాడు. తోటి అధికారుల విశ్రాంతి మందిరంలోకి వారు ఆహ్వానిస్తేనే పోతాడు. ఇది గర్వం కోసం ఏర్పడిన నియమం కాదు. రేపు ఎవరిని అపాయంలోకి పంపవలసి వస్తుందో, ఎవరికి శిక్ష విధించవలసి వస్తుందో తెలియనివాడు ఎవరిపట్లా పక్షపాతం పెంచుకోరాదని పెద్దలు ఏర్పరచిన కట్టుబాటు. సముద్రంలో ఉన్నంతకాలం ఆయనకు పూర్తి నిద్ర ఉండదు. ఓడ ఏ రాతికి తగిలినా, కాపలాలో ఎవడు పొరబడినా, బాధ్యత ఆయనదే. ఆ ఒంటరితనాన్ని, ఆ బాధ్యతను భారతీయులు సమర్థంగా వహించగలరని కటారి, ఆయన సమకాలికులు ఓడల మీద నిరూపించి చూపినారు.

ఐనప్పటికీ నౌకాదళానికి భారతీయాధిపతి రావడం ఆలస్యమైనది. పదాతి సైన్యానికి 1949 జనవరి 15న కరియప్ప సేనాధిపతి ఐనారు. వైమానిక దళానికి 1954 ఏప్రిల్ 1న సుబ్రతో ముఖర్జీ అధిపతి ఐనారు. నౌకాదళం మాత్రం స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్ళ తరువాత కూడ బ్రిటిష్ అడ్మిరల్ క్రిందనే ఉండినది. దానికి కారణం స్పష్టం. నౌకాధిపతి ఒక్కరోజులో తయారు కాడు. ఒక ఓడను, తరువాత అనేక ఓడలను, అటుపై దళాన్ని నడిపి అనుభవం గడించవలెను. యుద్ధానికి పూర్వం ఆ ద్వారం భారతీయులకు దాదాపు మూసివేయబడి ఉండడంవల్ల, తగినంత అనుభవం గలవారు అప్పటికి లేకపోయినారు. మూసిన తలుపు ధర ఒక తరం తరువాత కూడ చెల్లించవలసి వచ్చినదన్నమాట.

ఆ కొరతను తీర్చే దశలను కటారి ఒకటొకటిగా దాటినారు. 1956 అక్టోబరు 2న రియర్ అడ్మిరల్ హోదాలో భారత నౌకాబృందానికి నాయకులైనారు. ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1958 ఏప్రిల్ 22న వైస్ అడ్మిరల్ కార్లిల్ నుండి నౌకాదళ ప్రధానాధిపత్యం స్వీకరించినారు. డఫ్రిన్ నౌకలో 16 ఏళ్ళ బాలునిగా అడుగుపెట్టిన నాటి నుండి అప్పటికి ముప్పై సంవత్సరాలు గడచినవి. భారతీయులు ఓడపై అధికారం వహించలేరన్న పాతవాదానికి ఆ దినంతో సమాధానం పూర్తి ఐనది.

ఆయన అధికారకాలంలో దళం వేగంగా ఎదిగినది. క్రొత్త ఫ్రిగేట్లు ఒకటి తరువాత ఒకటి వచ్చి చేరినవి. యుద్ధనౌకలను ఇకమీదట ఇక్కడనే కట్టుకోవలెనన్న ఉద్దేశంతో 1960లో బొంబాయిలోని మజగావ్ నౌకానిర్మాణశాలను, కలకత్తాలోని గార్డెన్‌రీచ్ నౌకానిర్మాణశాలను ప్రభుత్వం తన స్వాధీనం చేసుకొన్నది. 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్ రేవులో విమానవాహక నౌక ‘విక్రాంత్’ భారత పతాకం ఎగురవేసినది. నవంబరులో బొంబాయి చేరినది. ఒక నౌకపై వెయ్యిమందికి మించిన జనం, విమానాలు, ఇంధనం, ఆయుధాలు. ఒక చిన్న పట్టణాన్ని నీటిపై తేల్చి నడిపినట్లే.

ఆ డిసెంబరులోనే గోవా విమోచన జరిగినది. నాలుగున్నర శతాబ్దాల పోర్చుగీసు పాలనను తొలగించడానికి పదాతి, నౌకా, వైమానిక దళాలు కలిసి కదలినవి. 18వ తేదీన మార్మగోవా రేవులో ‘బేత్వా’, ‘బియాస్’ నౌకలు పోర్చుగీసు యుద్ధనౌక ‘అల్బుకర్క్’ను ఎదిరించగా అది దెబ్బతిని ఒడ్డు పట్టినది. మరునాటికి గోవా విముక్తమైనది. చరిత్ర పుస్తకాలు దీనిని సుమారు 36 గంటల సులభ విజయంగా వర్ణిస్తాయి. కాని కార్వార్ సమీపాన గల అంజదీవ్ అనే చిన్న ద్వీపంలో దిగిన నావికులపై, తెల్లజెండా చూపిన తరువాత కూడ పోర్చుగీసువారు కాల్పులు జరిపినారు. ఏడుగురు నావికులు అక్కడ ప్రాణాలు విడిచినారు.

ప్రధానాధిపతి స్థానం ఢిల్లీలో, సముద్రానికి బహుదూరంగా ఉన్నది. ఓడ నడిపినంతకాలం తాను పంపినవారితోపాటు తానుకూడ అపాయంలో ఉంటాడు. దళాధిపతి ఐన తరువాత ఆ ఊరట కూడ ఉండదు. ఆజ్ఞ ఇక్కడ వెలువడుతుంది. గుండు అక్కడ తగులుతుంది. ఒక దేశానికి చిన్న విజయమైనది ఏడు కుటుంబాలకు తీరని నష్టమైనది. పదవి ఎంత ఎత్తునకు పోతే ఈ లెక్క అంత బరువెక్కుతుంది.

1962 జూన్‌లో కటారి పదవీ విరమణ చేసినారు. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షులుగా ఉండినారు. ఓడల నాయకుడు బస్సుల సంస్థకు పెద్ద కావడం విచిత్రంగా తోచవచ్చును. కాని వేళకు కదలడం, యంత్రాన్ని చక్కగా ఉంచుకోవడం, ఎక్కినవారిని క్షేమంగా చేర్చడం రెండుచోట్లా ఒకటే ధర్మం. 1964లో ఆయన బర్మాకు భారత రాయబారిగా వెళ్ళినారు. దుకాణాలు, వ్యాపారాలు జాతీయం కాగా వేలాది భారతీయ కుటుంబాలు రంగూను విడిచి ఓడలెక్కిన కాలం అది. వారిలో తెలుగువారు చాలమంది. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు నేటికీ ఆ ప్రయాణాన్ని గుర్తుచేస్తున్నది. సముద్రం ఒకప్పుడు వారిని బ్రతుకుతెరువుకు తీసుకొనిపోయినది. ఇప్పుడు వట్టి చేతులతో తిరిగి తెచ్చినది.

వార్ధక్యంలో ఆయన తన జ్ఞాపకాలను ఆంగ్లంలో వ్రాసినారు. ఒక నావికుని స్మృతులు అని అర్థమిచ్చే పేరుతో ఆ పుస్తకం 1982లో వెలువడినది. అడ్మిరల్ అన్న బిరుదును విడిచి నావికుడన్న సామాన్య నామాన్నే ఆయన దానికి పెట్టుకొన్నారు. 1983 జనవరి 21న సికింద్రాబాదులో ఆయన కన్నుమూసినారు.

ఆ సంవత్సరమే డిసెంబరు 10వ తేదీన క్రొత్త యుద్ధనౌక ఒకటి భారత నౌకాదళంలో చేరినది. అది మన దేశంలోనే రూపకల్పన చేయబడి, 1960లో ప్రభుత్వపరమైన మజగావ్ నౌకానిర్మాణశాలలోనే నిర్మింపబడినది. దాని పేరు ‘గోదావరి’. విభజననాడు పోయిన పేరు తిరిగి వచ్చినది. 2015 వరకు సముద్రంపై నిలిచినది. కటారి నడిపిన ‘రాజ్‌పుత్’ పేరుకూడ మరొక నౌకకు సంక్రమించినది. అది 41 సంవత్సరాలు సేవచేసి 2021 మే 21న విశాఖపట్నంలో విశ్రాంతి పొందినది. ఓడలు శిథిలమౌతాయి, మనుష్యులు గతిస్తారు. ఓడల పేర్లను, పని పద్ధతులను నౌకాదళం తరం నుండి తరానికి అందిస్తుంది.

1918లో స్థాపింపబడిన వేటపాలెం సారస్వత నికేతనంలో పాతపత్రికల నిధి ఉన్నది. అట్టి పత్రికలను తిరగవేసే విద్యార్థికి యుద్ధవార్తలలో ఓడల పేర్లు, మునిగిన తేదీలు కనిపిస్తాయి. నడిరేయి కాపలాలో చెవులు రిక్కించి కూర్చున్న నావికుని పేరు అందులో కనిపించదు. వాడు ఆ రాత్రి మేలుకొని ఉండడంచేతనే ఏ వార్తా పుట్టలేదు. రామాపురం తీరాన నిలిచి చూస్తే దూరాన ఒక ఓడ నల్లని గీతవలె సాగిపోతూ కనిపించవచ్చును. అందులో ఎవడో వంతు దిగుతూ ఉంటాడు, ఎవడో వంతు ఎక్కుతూ ఉంటాడు. మోటుపల్లి రాతిపై గణపతిదేవుడు సముద్ర యాత్రికునికి వాగ్దానం చేసిన అభయం, ఈనాడు అట్టివారి మెలకువతోనే నెరవేరుతున్నది.